నీతికి ఒక్క అణువు చాలునా?

దూడ పొదుగు కుడవగానే ఆవు చేపుతుందని పాడి ఉన్న ప్రతి ఇంటివారికీ తెలిసినదే. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి, తల్లి ముందు నిలబెట్టి పాలు పితికే అలవాటు కూడా పల్లెలలో ఉండేది. ఆవు ఆ బొమ్మను మూచూచి, నాకి, చేపుతుంది. అలవాటు పడిన ఆవుకు పాలచెంబు చప్పుడైనా చాలును. ఈ చేపు వెనుక పనిచేసే హార్మోను పేరు ఆక్సిటోసిన్. అది మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథలమస్‌లో తయారవుతుంది. పీయూష గ్రంథి వెనుక భాగంలో నిలువ ఉండి, నాడుల ద్వారా కబురు అందగానే రక్తంలోకి విడుదల అవుతుంది. పొదుగులోని సూక్ష్మకణాలను ముడుచుకొనేటట్లు చేసి పాలను కిందికి దించేది ఇదే. ప్రసవ సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసేదీ ఇదే. పీయూష గ్రంథి సారానికి ఈ రెండవ గుణం ఉన్నదని 1906లో హెన్రీ డేల్ కనుగొన్నారు. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసైన ఈ అణువును 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో నిర్మించారు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

ఇంత ఉపయోగకరమైన హార్మోనుకు ఈ శతాబ్దంలో మరొక రకమైన కీర్తి వచ్చిపడింది. పత్రికలు దీనిని “ప్రేమ హార్మోను” అన్నాయి, “విశ్వాస హార్మోను” అన్నాయి. ఆ కీర్తికి ఎక్కువగా తోడ్పడిన గ్రంథం 2012లో వెలువడిన “ద మోరల్ మాలిక్యూల్”. “నీతి అణువు” అని దాని అర్థం. గ్రంథకర్త పాల్ జాక్ అమెరికాలోని క్లేర్‌మాంట్ గ్రాడ్యుయేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర ఆచార్యులు. మానవుని దయ, ఔదార్యం, పరస్పర విశ్వాసం, వాటి మీద ఆధారపడిన సంఘం సిరిసంపదలు, వీటన్నింటికీ ఆక్సిటోసిన్ మూలమని ఈ గ్రంథ ప్రతిపాదన. దీనికి ప్రతికక్షిగా టెస్టోస్టిరోన్ అనే పురుష హార్మోను నిలబడి స్వార్థాన్ని పెంచుతుందట. మంచిచెడ్డల నాటకంలో ఇద్దరు పాత్రధారులు దొరికినట్లే!

గ్రంథంలో మెచ్చుకోదగిన గుణాలు లేకపోలేదు. ముఖం ఎరుగని మనుష్యులు ఒకరినొకరు ఎందుకు నమ్ముతారన్న ప్రశ్న నిజంగా గొప్పది. మనిషి కేవలం లాభనష్టాల లెక్క వేసుకొనే యంత్రమని కొందరు ఆర్థికవేత్తలు భావించగా, వారి పక్షానికి చెందిన ఒకరు ఆ భావాన్ని కాదనడం హర్షించదగినది. శైలి చురుకైనది. గ్రంథకర్త ప్రయోగశాల దాటి లోకంలోకి కూడా వెళ్లారు. ఇంగ్లండులో ఒక వివాహానికి పోయి, వధూవరుల నుండి, బంధుమిత్రుల నుండి క్రతువుకు ముందూ తరువాతా రక్తం తీసి పరీక్షించిన ఘట్టంతోనే గ్రంథం ప్రారంభమవుతుంది. పాపువా న్యూగినీలో నృత్యం చేసేవారి రక్తాన్ని కూడా పరీక్షించారు. చదువరికి విసుగు పుట్టదు.

హార్మోనులు ప్రవర్తనను మారుస్తాయనే మూలసత్యం కూడా నిర్వివాదమే. 1849లో జర్మనీలోని గోటింజెన్ పట్టణంలో బెర్టోల్డ్ ఆరు కోడిపుంజులపై ప్రయోగం చేశారు. వృషణాలు తీసివేసిన పుంజులు కూయడం, పోట్లాడడం, పెట్టల వెంటపడడం మానివేశాయి. వృషణాన్ని తిరిగి పొట్టలో అమర్చిన పుంజులకు ఈ లక్షణాలన్నీ నిలిచాయి. పాత నాడీసంబంధం తెగిపోయినా పని జరిగినది కనుక, కబురు రక్తం ద్వారానే పోయి ఉండాలి. పసితనంలో అవటు గ్రంథి సరిగా పనిచేయకపోయి, చికిత్స అందకపోతే, బిడ్డ బుద్ధివికాసమే కుంటుపడుతుంది. ఆక్సిటోసిన్ విషయంలో 1979లో ఒక ముఖ్యమైన ప్రయోగం జరిగింది. పిల్లలు పెట్టని ఆడ ఎలుకల మెదడులోని కుహరంలోకి దానిని ఎక్కించగా, అవి పరాయి పిల్లలను తల్లివలె సాకాయి. కాని ఆ ఎలుకలకు ముందుగా ఈస్ట్రోజెన్ అనే మరొక హార్మోను ఇవ్వవలసి వచ్చింది. ఇక్కడనే ఒక పాఠం ఉన్నది. ఏ హార్మోనూ ఒంటరిగా పనిచేయదు. అప్పటికే సిద్ధమై ఉన్న మెదడు మీదనే దాని ప్రభావం.

మనుష్యుల విశ్వాసాన్ని గురించి గ్రంథానికి మూలస్తంభం వంటిది 2005లో “నేచర్” పత్రికలో ప్రచురితమైన జ్యూరిక్ ప్రయోగం. దాని కర్తలలో జాక్ కూడా ఒకరు. ఇది ఒక ఆట. మొదటి ఆటగానికి 12 ప్రమాణాల ధనం ఇస్తారు. అతడు రెండవవానికి ఏమీ పంపకపోవచ్చును. లేక 4, 8, 12 ప్రమాణాలు పంపవచ్చును. పంపినది మూడు రెట్లై రెండవవానికి చేరుతుంది. అతడు అందులో కొంత తిరిగి ఇస్తాడో లేదో అతని ఇష్టం. కనుక ఎంత పంపితే అంత నమ్మినట్లు. ఆటకు ముందు కొందరికి ముక్కులో ఆక్సిటోసిన్‌ను చిమ్మారు, కొందరికి మందులేని ద్రవాన్ని చిమ్మారు. హార్మోను పుచ్చుకొన్న 29 మందిలో 13 మంది ఉన్నదంతా పంపారు. పుచ్చుకొనని 29 మందిలో 6 గురు మాత్రమే అట్లా చేశారు. నూటికి 45, నూటికి 21 అంటే తేడా పెద్దదిగా కనిపిస్తుంది. ఏడుగురు మనుష్యుల తేడా అంటే అంత పెద్దదిగా కనిపించదు. పాల్గొన్నవారందరూ పురుషులే. ఇంత చిన్న ప్రయోగం కొత్త ప్రశ్నను లేవనెత్తగలదు గాని, మానవనీతి అనే మేడను మోయలేదు.

ఆ మేడ నిలిచినదా? 2015లో నేవ్, కేమరర్, మెకల్లోలు అంతవరకు జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించి, ఆక్సిటోసిన్ విశ్వాసాన్ని పెంచుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చారు. 2020లో డెక్లెర్క్, ఆమె సహచరులు 677 మందితో, ఏ పద్ధతిలో లెక్క కట్టేదీ ముందే ప్రకటించి, ఆ ఆటను తిరిగి ఆడించారు. అసలు ఫలితం మళ్లీ రాలేదు.

రక్తపరీక్షల సంగతి కూడా చూడవలసి ఉన్నది. వివాహంలో రక్తం తీసినప్పుడు తెలిసేది రక్తంలోని ఆక్సిటోసిన్ గాని మెదడులోనిది కాదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను ఈ అణువు సులభంగా దాటలేదు. ముక్కులో చిమ్మినదానిలోనూ అతి స్వల్పభాగమే మెదడును చేరుతుందని ఈ రంగంలో ఆరితేరినవారు హెచ్చరించారు. కొలత విషయంలోనూ చిక్కు ఉన్నది. రక్తాన్ని ముందుగా శుద్ధి చేయకుండా పరీక్షిస్తే వచ్చే అంకె, శుద్ధి చేసి పరీక్షిస్తే వచ్చే అంకెకు నూరు రెట్ల వరకు ఉండవచ్చునని 2013లో ఒక సమీక్ష చూపింది. అన్నింటికన్న ముఖ్యమైనది మరొకటి. పెళ్లి జరిగినందువల్ల వధువు రక్తంలో హార్మోను పెరిగిందనుకొన్నా, హార్మోను వల్ల ఆమెకు ప్రేమ కలిగిందని దాని అర్థం కాదు. గడ్డి దూడను చూచి ఆవు చేపినప్పుడు ముందుగా కదిలినది ఆవు జ్ఞాపకం. హార్మోను ఆ తరువాత వచ్చినది. మెదడు గ్రంథులను నడుపుతుంది, గ్రంథులు మెదడును మారుస్తాయి. రాకపోకలు రెండు వైపులా ఉన్న బాటను గ్రంథకర్త ఒకే దిక్కుకు పోయే బాటగా చిత్రించారు.

ఇక మంచి అణువు, చెడ్డ అణువు అనే విభజన. 2010లో డి డ్రూ బృందం ఆక్సిటోసిన్ ఇచ్చిన పురుషులను పరీక్షించగా, వారు తమ జట్టువారి పట్ల ఔదార్యం చూపారు. పైగా ఎదుటి జట్టు వల్ల ముప్పు ఉన్నదని తోచినప్పుడు, తమవారిని కాపాడుకొనడానికి దానితో సహకరించక ముందుగానే ఎదురునిలిచారు. తనవారిపై మమత, పరులపై అనుమానం ఒకే కొమ్మకు పూచిన పూవులు కావచ్చును. అదే సంవత్సరం జ్యూరిక్‌లో ఐసెనెగ్గర్ బృందం 121 మంది స్త్రీలలో కొందరికి టెస్టోస్టిరోన్ ఇచ్చి బేరమాడించింది. హార్మోను పుచ్చుకొన్నవారు మరింత న్యాయంగా పంచారు. తాము టెస్టోస్టిరోన్ పుచ్చుకొన్నామని నమ్మినవారు మాత్రం, నిజానికి పుచ్చుకొన్నా పుచ్చుకొనకపోయినా, తక్కువ న్యాయంగా పంచారు. హార్మోనుకన్న దానిని గురించిన ప్రచారమే మనిషిని ఎక్కువగా చెడగొట్టినదన్నమాట!

జంతువులలో కూడా కథ అంత సూటిగా లేదు. ప్రెయిరీ వోల్ అనే ఉత్తర అమెరికా ఎలుకజాతి ప్రాణి జీవితకాలం ఒకే జంటగా ఉంటుందని పేరు. ఆ జంటను కట్టివేసేది ఆక్సిటోసినేనని చాలకాలం బోధించారు. 2023లో, ఆ హార్మోనును గుర్తించే గ్రాహకం లేకుండా జన్యువును మార్చి వోల్‌లను పుట్టించగా, అవి కూడా జంట కట్టాయి.

న్యాయంగా మాట్లాడితే, 2015, 2020, 2023 సంవత్సరాల ఫలితాలు 2012లో వ్రాసినవారికి తెలిసే అవకాశం లేదు. వాటిని చూపి గ్రంథకర్తను నిందించరాదు. కాని ప్రయోగం చిన్నదని ఆయనకు తెలుసు. 2010 నాటి రెండు ఫలితాలు అప్పటికే అచ్చులో ఉన్నవి. “ఒక కారణం కావచ్చును” అనవలసిన చోట “ఇదే మూలం” అనడం శాస్త్రం తప్పు కాదు, వ్రాసినవారి తొందర. రోజుకు ఎనిమిది ఆలింగనాలు మేలని ఆయన చేసే ఉపదేశం ఎవరికీ హాని చేయదు. కాని ఆ ఉపదేశానికి హార్మోను పేరిట ప్రామాణ్యం తగిలించడం వేరు సంగతి.

ఈ తొందరకు వెల చెల్లించేవారు వేరే ఉన్నారు. ఆక్సిటోసిన్ నలుగురితో కలిసే గుణాన్ని పెంచుతుందన్న మాట విని, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎంతో ఆశ పెట్టుకొన్నారు. 2021లో అమెరికాలో 290 మంది పిల్లలకు 24 వారాలపాటు సాగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. ముక్కులో ఆక్సిటోసిన్ చిమ్మించుకొన్న పిల్లలకూ, మందులేని ద్రవం చిమ్మించుకొన్న పిల్లలకూ చెప్పుకోదగిన తేడా లేదు. ఆ ఇళ్లలో అణగారిన ఆశకు లెక్క ఏ పట్టికలోనూ ఉండదు. శాస్త్రాన్ని ప్రజలకు చెప్పేవారు ప్రతి వాక్యం వ్రాసే ముందు ఆ తల్లిదండ్రులను తలచుకోవాలి.

ఇందువల్ల ఆక్సిటోసిన్ విలువ తగ్గదు. ప్రసవానంతర రక్తస్రావాన్ని అరికట్టి అది ఎందరో తల్లుల ప్రాణాలు నిలుపుతున్నది. ఆ కీర్తి దానికి చాలును. నీతి గురించి నేర్చుకోదలచినవారికి ఈ చరిత్రలోనే మరొక ఉదాహరణ ఉన్నది. 2005 నాటి ప్రయోగకర్తలలో ఒకరైన ఎర్నెస్ట్ ఫేర్, 2020లో దానిని తిరిగి పరీక్షించినవారిలో కూడా ఒకరు. తన పేరు ప్రపంచానికి చాటిన ఫలితాన్ని తానే మళ్లీ తూచి, అది నిలవలేదని అచ్చు వేయించడం నిజంగా నీతి. అది ఏ అణువు వల్ల కలిగినదో ఎవరూ కొలిచి చూడలేదు.