మత్తులో మనిషి

"పేషెంటుకి మత్తు ఎక్కిందా?" అని సర్జన్లు అడుగుతారు. "ఎక్కింది, కానివ్వండి" అంటాం మేం, మత్తు డాక్టర్లం. దేన్ని చూసి ఆ మాట అంటామో ఎవరూ అడగరు. నాడి, బీపీ, చెమట, కన్నీరు, వదిలే గాలిలో మత్తు వాయువు మోతాదు. అన్నీ ఒంటి కబుర్లే. లోపల మనిషికి తెలుస్తోందా లేదా అన్నది నేరుగా చూపే పరికరం ఇప్పటికీ రాలేదు.

వచ్చిందని నమ్మించేది బిస్ మానిటర్. నుదుటికి అంటించిన పట్టీతో మెదడు తరంగాలను పట్టి, 0 నుంచి 100 లోపు ఒక అంకె చూపిస్తుంది. 40కీ 60కీ మధ్య ఉంటే మేం స్థిమితపడతాం. 2015లో ఆస్ట్రేలియాలో 10 మంది వాలంటీర్లకు మత్తన్నదే ఇవ్వకుండా, కండరాలను చచ్చుబరిచే మందు మాత్రం ఎక్కించి చూశారు. (ఒప్పుకున్నవాళ్ల గుండెధైర్యానికి దండం!) అంతా శుభ్రంగా మెలకువలోనే ఉన్నారు. అంకె మాత్రం 44 దాకా దిగింది. మెదడుతోపాటు నుదుటి కండరాల చప్పుడూ యంత్రం చెవిలో పడుతోందన్నమాట.

ఆపరేషన్‌లో అలాంటి మందుతో ఒళ్లంతా చచ్చుబడినా చేతిని మాత్రం మాట్లాడించే ఉపాయం 1977 నుంచీ ఉంది. స్కాట్లండ్ డాక్టర్ టన్‌స్టాల్ సిజేరియన్లలో వాడి చూపించారు. కండరాల మందు ఇచ్చేముందే ముంజేతికి బీపీ పట్టీ బిగిస్తే మందు ఆ చేతికి చేరదు. ఇక "వినపడితే నా చెయ్యి నొక్కమ్మా" అనడమే. పలు దేశాల ఆసుపత్రుల్లో ఇలా అడిగి చూసి 2017లో ఫలితాలు ప్రకటించారు. గొంతులో గొట్టం వేశాక 260 మందిలో 12 మంది నొక్కారు.

అదే బ్రిటన్, ఐర్లండ్‌ల 2014 జాతీయ ఆడిట్‌లో, ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చిందని తమంతట తాము చెప్పినవాళ్లు సుమారు 19,000 మందికి ఒక్కరు. ఆడిట్‌కు అందింది తర్వాత గుర్తున్న సంగతి. చెయ్యి చెప్పింది ఆ క్షణం సంగతి. మేం వాడే మిడజోలం లాంటి మందులు జ్ఞాపకాన్ని నిలవనివ్వవు. నొక్కిన ప్రతివాళ్లకూ నొప్పి తెలిసిందని అనను. "గుర్తులేదుగా, ఇంకేం?" అనే మావాళ్ల మాటను మాత్రం నేనొప్పుకోను. మరిచిపోయినంత మాత్రాన పడ్డ బాధ పడనట్టు కాదు.

మీకు ఆపరేషన్ ఉంటే ముందురోజే మత్తు డాక్టర్‌తో మాట్లాడండి. తాగుడు అలవాటు, నిద్రమాత్రలు, ఇదివరకెప్పుడైనా మధ్యలో మెలకువ వచ్చిన సంగతి దాచకండి. అయ్యాక ఏవో మాటలు వినపడ్డట్టు అనిపిస్తే, కలేమోలే అని ఊరుకోకుండా ఆయనకు చెప్పండి.