రూపం లేని కిటికీ మస్జిద్‌దేనా?

జర్మనీలోని కొలోన్ నగరపు మహాదేవాలయం శిలువ ఆకారపు కట్టడం. దాని దక్షిణపు చేతిలో 2007 ఆగస్టు 25న ఒక కొత్త రంగుటద్దాల కిటికీని ఆవిష్కరించారు. రూపకల్పన చేసినవాడు గెర్‌హార్డ్ రిఖ్టర్ అనే ప్రసిద్ధ జర్మన్ చిత్రకారుడు. కిటికీ విస్తీర్ణం 113 చదరపు మీటర్లు. అందులో క్రీస్తు మూర్తి లేదు, మర్యమ్ మూర్తి లేదు, దేవదూతలు లేరు. 9.6 సెంటీమీటర్ల భుజం గల చదరపు అద్దపు ముక్కలు పదకొండు వేలకు పైగా, 72 రంగులలో ఉన్నాయి. అంతే. నగర ఆర్చిబిషప్ కార్డినల్ యోఆకిం మైస్నర్ ఆవిష్కరణ సభకు రాలేదు. కొద్ది రోజులకే ఒక పత్రికతో మాట్లాడుతూ, ఈ కిటికీ తమ దేవాలయం కంటె ఏ మస్జిద్‌కో, మరో ప్రార్థనా మందిరానికో తగినదని ఆయన అభిప్రాయపడ్డారు.

ఒక కళాఖండంపై ఒక మతాచార్యుడు వెలిబుచ్చిన అసంతృప్తిగా దీనిని వదలివేయవచ్చు. కాని ఆ మాటలో మస్జిద్‌ను గురించిన ఒక భావన ఇమిడి ఉంది. బొమ్మ లేని చోటు ఏదైనా మస్జిద్ వంటిదే అన్నది ఆ భావన. కొలోన్‌లోనే ఎహ్రెన్‌ఫెల్డ్ పేటలో పెద్ద మస్జిద్ కట్టవచ్చునా, కూడదా అని అదే సంవత్సరం తీవ్రమైన వాదోపవాదాలు సాగుతున్నందున, ఆ మాట మరింత బిగ్గరగా వినిపించింది. మనలో కొందరికి అది పొగడ్తగా కూడ తోచవచ్చు; రూపం లేనిదంతా మనదేనని క్రైస్తవ మతాచార్యుడే ఒప్పుకున్నాడు కదా అని. ఆ సంతోషం తొందరపాటు. ఆ కిటికీ మనది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందుగా చర్చి కిటికీ ఏమి చెబుతుందో చూడాలి.

తెలుగువారికి ఈ కళ మెదక్ చర్చి ద్వారా పరిచితమే. 1924లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం అనే మూడు ఘట్టాలు మూడు పెద్ద కిటికీలలో కనిపిస్తాయి. (సిలువ విషయంలో దివ్యఖుర్‌ఆన్ చెప్పేది వేరని పాఠకులకు విడిగా చెప్పనక్కరలేదు.) పగలు లోపల నిలిచి చూచేవారికి ఆ మూర్తులు రంగురంగులుగా వెలుగుతాయి, చీకటి పడితే గోడలో కలిసిపోతాయి. ఈ కళ మర్మమంతా ఇక్కడే ఉంది. గోడమీది బొమ్మ కనబడాలంటే దానిపై వెలుగు పడాలి. కిటికీలోని బొమ్మ కనబడాలంటే వెలుగు దానిలోనుండి రావాలి.

చర్చిలలో చిత్రాలను సమర్థించడానికి మామూలుగా చెప్పే కారణం ఒకటుంది. చదువు వచ్చినవారికి గ్రంథమెటువంటిదో రానివారికి చిత్రం అటువంటిదని క్రీ.శ. 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీ మార్సెయ్ బిషప్‌కు వ్రాశాడు. రంగుటద్దాలకు కూడ ఈ మాటనే అన్వయిస్తారు. కొలోన్‌లోనే సుమారు 1260 నాటి 'బైబిలు కిటికీ' ఉంది. అందులో పాత నిబంధన ఘట్టం ఒకటి, దాని పక్కన కొత్త నిబంధన ఘట్టం ఒకటి జతగా ఉంటాయి. మొదటిది సూచన, రెండవది దాని నెరవేర్పు అని అర్థం. చదువు రానివాడు ఈ జంటల అర్థాన్ని తనంతట తాను ఎలా గ్రహిస్తాడు? పక్కన ఒక పండితుడు నిలిచి విప్పి చెప్పాలి. ఎత్తైన కిటికీలలోని చిన్న బొమ్మలైతే క్రింద నిలిచినవాని కంటికి ఆననే ఆనవు. పాఠం చెప్పడమొక్కటే ప్రయోజనమైతే ఇంత వ్యయప్రయాసలకు అర్థం లేదు.

అసలు అర్థం వెలుగులో ఉంది. పారిస్ చెంత సెయింట్ డెనిస్ మఠానికి అధిపతియైన సుజేర్, 1144 జూన్ 11న ప్రతిష్ఠించిన తన దేవాలయపు తూర్పు భాగాన్ని వరుస కిటికీలతో నింపాడు. భౌతిక వస్తువుల కాంతి మనస్సును అభౌతికమైన కాంతి వైపు ఎత్తుతుందని తన రచనలలో వివరించాడు. ఇది చదివినప్పుడు మనకు ఇమామ్ గజాలీ జ్ఞాపకం రాక తప్పదు. 1111లో పరమపదించిన ఆయన తన 'మిష్కాతుల్ అన్వార్' గ్రంథంలో నూర్ సూరాలోని 35వ ఆయత్‌ను వ్యాఖ్యానిస్తూ, 'వెలుగు' అన్న పేరు నిజంగా అల్లాహ్‌కే చెల్లుతుందనీ, తక్కినవాటికి అది అరువు పేరేననీ నిరూపించాడు. ఒకరినుండి మరొకరు గ్రహించారని ఇక్కడ చెప్పడం లేదు. ఒక తరం తేడాతో ఇద్దరూ ఒకే ప్రశ్న దగ్గర నిలిచారు. చేరిన గమ్యాలు వేరు.

ఆ వేరు ఎక్కడ మొదలవుతుందో ఒక ఉపమానం చూపిస్తుంది. సూర్యకిరణం అద్దాన్ని పగలగొట్టకుండానే దానిలోనుండి ప్రసరించినట్లు, మర్యమ్ పాతివ్రత్యానికి భంగం లేకుండానే ఈసా జన్మించారని మధ్యయుగపు క్రైస్తవ ఉపదేశకులు తరచు చెప్పేవారు. ఇంతవరకు మనకు అభ్యంతరమేమీ లేదు. హజ్రత్ మర్యమ్ (అ) పవిత్రతకు దివ్యఖుర్‌ఆన్ సాక్ష్యమిస్తున్నది. ఆమె పేర ఒక సూరాయే ఉంది. కాని క్రైస్తవ కిటికీ అక్కడ ఆగదు. రంగులేని వెలుగు అద్దంలో ప్రవేశించి రంగునూ, ముఖాన్నీ, దేహాన్నీ ధరించి లోపలికి వస్తుంది. దైవం దేహం ధరించాడన్న విశ్వాసానికి ఇంతకంటె స్పష్టమైన ప్రతీక మరొకటి ఉండదు. తౌహీద్‌ను విశ్వసించేవాడు ఇక్కడే విడిపోతాడు.

ఇది తెలిసిన తర్వాత కార్డినల్ మైస్నర్ బాధ అర్థమవుతుంది. నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయిన ఎడిత్ స్టైన్, మాక్సిమిలియన్ కోల్బె వంటివారి మూర్తులు అక్కడ ఉండాలన్నది మొదటి ప్రతిపాదన. దాని బదులు ఏ ముఖమూ లేని రంగుల గడులు వచ్చాయి. దైవం రూపం ధరించాడని నమ్మే మతానికి రూపం లేని కిటికీ అసంపూర్ణ సాక్ష్యంగా తోచడం సహజం. తన విశ్వాసం ప్రకారం ఆయన ఒక లోటును సరిగానే గుర్తించారు. దానిని తెచ్చి మస్జిద్‌కు అంటగట్టడమే సరికాదు.

మొదట, ఆయన తన ఇంటి చరిత్రనే మరచినట్లున్నారు. పన్నెండవ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు తమ దేవాలయాలలో కిటికీ అద్దాలు తెల్లగా ఉండాలనీ, సిలువలూ బొమ్మలూ ఉండరాదనీ శాసనం చేసుకున్నారు. ఆ శాసనపు ఫలితం చూడడానికి కార్డినల్ దూరప్రయాణం చేయనక్కరలేదు. కొలోన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, 1259లో ప్రారంభించిన ఆల్టెన్‌బెర్గ్ దేవాలయం ఉంది. బూడిద వన్నె ఆకులూ తీగలూ అల్లిన అద్దాలకు అది పేరుపడింది. (1400 ప్రాంతానికి అక్కడి పడమటి గోడకూ రంగులు, మూర్తులు వచ్చాయి, నియమాలు చేసుకున్నంత తేలికగా నిలవవు.) అంతెందుకు, కొలోన్ దేవాలయం తూర్పు భాగపు ఎత్తైన కిటికీలలోనే రాజుల మూర్తులు అడుగుభాగంలో ఉంటే, వాటిపైన ఉన్నదంతా రేఖాకృతుల అల్లికే. వాటిని చూచి ఇవి మస్జిద్ కిటికీలని ఎవరూ అనలేదు.

ఇక మస్జిద్ సంగతి. రంగుటద్దాలు మనకు కొత్త కావు. 1557లో పూర్తయిన ఇస్తాంబూల్ సులైమానియా మస్జిద్‌లో ఖిబ్లా గోడనిండా రంగుటద్దాలున్నాయి. వాటిలో పూలు, లతలు, లిపి కనిపిస్తాయి. బొమ్మ లేదు, నిజమే. కాని బొమ్మ తీసివేయగా మిగిలిన ఖాళీ కాదది. లిపి ఉన్నచోట వాక్కు ఉన్నది. నక్షత్రాకృతులు అల్లిన చోట కొలత ఉన్నది. ఒక కేంద్రం నుండి వృత్తలేఖినితో గీసిన గీత పది గీతలతో కలిసి మళ్ళీ ఆ కేంద్రానికే చేరుతుంది. ప్రతి వస్తువూ ఒక పరిమాణంతో సృష్టించబడిందన్న ఖుర్‌ఆన్ బోధను తెలిసినవాడికి ఆ అల్లికలో ఏమి చూడాలో తెలుస్తుంది.

పైగా చర్చి కిటికీకి సాటి రాగల వస్తువు మన సంప్రదాయంలో కిటికీ కాదు, దీపం. పద్నాలుగవ శతాబ్దంలో కైరో మస్జిద్‌లకూ మద్రసాలకూ మమ్లూక్ సుల్తానులు, అమీరులు సమర్పించిన గాజు దీపాలను చూడండి. వాటిలో అనేకం మెడ చుట్టూ నూర్ సూరాలోని అదే ఆయత్ ఎనామెల్ వర్ణాలతో వ్రాసి ఉంటుంది. గూడు, దీపం, గాజు అన్న ఆ ఉపమానాన్ని ఆ గాజు మీదనే వ్రాసి, లోపల దీపం పెట్టి వ్రేలాడదీశారు. చర్చి కిటికీ పగటి వస్తువు; వెలుగు బయటినుండి రావాలి, అది వచ్చి ఒక రూపాన్ని చూపాలి. మస్జిద్ దీపం రాత్రి వస్తువు. వెలుగు లోపలినుండి వస్తుంది, వచ్చి ఒక వాక్యాన్ని చదివిస్తుంది. రెండు మతాల మధ్య తేడాను గురించి ఎన్నో వాదగ్రంథాలు చెప్పలేని సంగతి ఈ రెండు గాజు వస్తువులు చెబుతాయి.

రిఖ్టర్ కిటికీలో వాక్యమూ లేదు, కేంద్రమూ లేదు. రంగుల అమరికను ఆయన యంత్రం ద్వారా యాదృచ్ఛికంగా నిర్ణయించి, కొన్ని నిలువు వరుసలను మరికొన్నింటికి ప్రతిబింబాలుగా నిలిపాడు. 1974లో తాను వేసిన '4096 రంగులు' అన్న చిత్రమే దీనికి మూలం. ఎరుపు పక్కన నీలం ఎందుకున్నదంటే, అలా పడింది గనుక. దీనిని ఇస్లామీయ రేఖాకళతో పోల్చేవారు పైపై చూపుతోనే పోల్చుతున్నారు. ఒకటి ప్రతి ముక్కకూ స్థానం నిర్ణయిస్తుంది, మరొకటి ఏ ముక్కకూ నిర్ణయించదు.

ఆచరణలోనూ ఇది మస్జిద్‌కు పనికిరాదు. నకిషీ ఉన్న వస్త్రం నమాజులో దృష్టి మరల్చిందని దైవప్రవక్త (స) దానిని తీసివేయించిన సంగతి హదీసులలో ఉంది. గంట గంటకూ రంగులు మారే 113 చదరపు మీటర్ల అద్దాన్ని నమాజీల కళ్ళెదుట నిలుపుతామంటే ఏ మస్జిద్ కమిటీ ఒప్పుకుంటుంది?

అయితే ఇది మంచి కిటికీయేనా? మంచిదేనని నా అభిప్రాయం. ఉన్నచోట ఉన్నందువల్లనే మంచిది. పాత కిటికీ రెండవ ప్రపంచయుద్ధంలో నాశనమయ్యాక దాదాపు రంగులేని అద్దాలు అమర్చగా, దక్షిణపు ఎండ సూటిగా లోపలికి కొట్టేది. రిఖ్టర్ ఎన్నుకున్న 72 రంగులు ఆ దేవాలయపు పాత కిటికీలలో ఉన్నవే. మధ్యాహ్నపు ఎండలో అవి రాతి స్తంభాల మీదా నేల మీదా పరచుకుంటాయి. మూర్తులు తప్పుకోగా వాటి వస్త్రాల రంగులు మాత్రం నిలిచిన క్రైస్తవ కిటికీ ఇది. విశ్వాసం సన్నగిల్లిన ఐరోపా తన పూర్వుల వెలుగును ఇంకా వదులుకోలేకపోవడం ఇందులో కనిపిస్తుంది. ఆ వేదన వారిది. దానిని మన ఖాతాలో వ్రాయడానికి లేదు.

కార్డినల్ మైస్నర్ 2017లో మరణించారు. 2020లో అదే జర్మనీలో థోలై మఠ దేవాలయానికి కొత్త కిటికీలు వచ్చాయి. వాటిలో మూడు రిఖ్టర్‌వి. ఈసారి ఎడమ కుడి సమంగా అద్దంలో చూచినట్లున్న అల్లికలు, మళ్ళీ ఏ మూర్తీ లేనివి. తక్కిన కిటికీలలో బైబిలు ఘట్టాలను, సన్యాసులను, మనుష్య రూపాలను గాజు మీద చిత్రించినది మహ్‌బూబా మక్సూదీ అనే చిత్రకారిణి. ఆమె అఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో పుట్టి మ్యూనిక్‌లో స్థిరపడిన ముస్లిం మహిళ.