అద్దె వేషాలు

పోయిన నవంబరు 14కి మా అక్క కూతురి బడిలో విచిత్ర వేషధారణ పోటీ పెట్టారు. దాని కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో డ్రెస్సులు అద్దెకిచ్చే ఒక దుకాణానికి ఇద్దరం వెళ్లాం. "బాబా, పాపా?" అన్నది అక్కడ మొదటి ప్రశ్న. ఏ వేషం కావాలన్నది రెండోది. పాప అనగానే ఒక వైపు అరలు మాకు లేకుండా పోయాయి.

మగపిల్లల వైపు అల్లూరి సీతారామరాజు, భగత్ సింగ్, నెహ్రూ, పోలీసు, సైనికుడు, డాక్టరు. ఆడపిల్లల వైపు లక్ష్మి, సరస్వతి, భరతమాత, రాధ, పెళ్లికూతురు, సీతాకోకచిలుక. వీటిని రెండు పాఠాలుగా చదివితే మొదటిదాని నిండా పనులున్నాయి, రెండోదాని నిండా అలంకారాలున్నాయి. అల్లూరి విల్లెత్తాలి, పోలీసు సెల్యూట్ కొట్టాలి. భరతమాత జెండా పట్టుకుని కదలకుండా నిలబడితే చాలు. ఆరేళ్లకే ఒకరికి చెయ్యడం, ఇంకొకరికి కనిపించడం నేర్పుతున్నాం.

"వీరనారులు కూడా ఉన్నరు మేడమ్" అని దుకాణదారు రుద్రమదేవి సెట్టు తీశాడు. కిరీటం, వడ్డాణం, జూకాలు, పొడుగు జడ. కత్తికి మాత్రం అద్దె వేరేనట! కాకతీయ సింహాసనం మీద కూర్చోవడానికి రుద్రదేవుడనే మగపేరు పెట్టుకున్న స్త్రీ ఆమె. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వచ్చే నల్గొండ జిల్లాలో, చందుపట్ల శాసనం 1289లో ఆమె మరణాన్ని నమోదు చేసింది. ఆ సెట్టులో ఈ చరిత్ర లేదు, నగలే ఉన్నాయి.

మేం చూస్తుండగానే ఓ నాలుగేళ్ల బాబు రాధ ఓణీని తలమీద కప్పుకున్నాడు. వాళ్ల నాన్న లాగేసి "ఛీ, ఆడపిల్లవా?" అన్నాడు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లలకు పూలజడ వేసి మురిసిపోతూ ఫొటోలు తీయించుకునేది మనమే. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా ఆడితే కళ అని మొక్కిందీ మనమే. మరి మధ్యలో ఈ "ఛీ" ఎక్కడిది? ఆడపిల్ల కత్తి పడితే ధైర్యం, మగపిల్లవాడు ఓణీ కప్పుకుంటే పరువు తక్కువ. ఆడతనం కింది మెట్టు అనుకున్నంత కాలం ఆ పిల్లవాడికీ స్వేచ్ఛ లేదు.

మా పిల్లకు వీటిలో ఏదీ నచ్చలేదు. "కండక్టర్ వేషం కావాలి చిన్నమ్మా" అంది. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. వాళ్లమ్మకు జీరో టికెట్ కొట్టిచ్చే కండక్టరమ్మ అంటే దానికి ఎంతో గొప్ప. "గదేం వేషం మేడమ్, ప్రైజు రాదు" అన్నాడు దుకాణదారు.

నిజం చెప్పాలంటే నేనూ రుద్రమనే తీసుకోమని బతిమాలాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, నాకు చరిత్ర కావాలి! బతికుండి, రోజూ కళ్లెదుట పనిచేసే ఆడమనిషి కూడా ఒక వేషానికి తగినదేనని నాకూ తట్టలేదు.

చివరికి ఇంట్లోనే తయారుచేశాం. అక్క పాత హ్యాండ్‌బ్యాగు, అట్టముక్కతో టికెట్ మిషను. స్టేజీ మీద అది తిన్నగా అల్లూరి దగ్గరికి వెళ్లి, "నీకు ఫ్రీ లేదు, పైసలియ్యి" అంది. హాలంతా నవ్వింది. ప్రైజు భరతమాతకే వచ్చింది. కానీ ఆ పూట స్టేజీ మీదికెక్కిన ఆడపిల్లల్లో పని చేసింది మాత్రం మా కండక్టరమ్మే.