యాభై అయిదు రావాల్సిన చోట

జగ్గయ్యపేట, నందిగామల నుంచి కంచికచర్ల, పరిటాల ఇంజనీరింగ్ కాలేజీలకు హైవే బస్సుల్లో వెళ్లొచ్చే మొదటి సంవత్సరం పిల్లలకు సీ ల్యాబ్‌లో తొలి రోజుల్లోనే తగిలే ప్రోగ్రాం ఒకటుంది: ఒకటి నుంచి పది వరకూ కూడి మొత్తం చూపించాలి. రికార్డులో ఒక పేజీకి మించదు. 55 రాగానే సంతకం పెట్టించుకుని ముందుకెళ్లిపోతారు. దీన్ని అంత తొందరగా వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

మిర్చి టిక్కీలు కాటా వేస్తుంటే ఈ పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. ఇది ఎన్నో టిక్కీ అన్నది ఒక లెక్క, ఇప్పటిదాకా ఎన్ని కిలోలయ్యాయన్నది ఇంకో లెక్క. ఈ ప్రోగ్రాంలోని లూప్‌లోనూ ఆ రెండే: ఐ అనే వేరియబుల్ వరస చెబుతుంది, సమ్ అనే వేరియబుల్‌లో మొత్తం పేరుకుంటుంది. తూకం మొదలయ్యే ముందు చీటీ ఖాళీగా ఉండాలి కాబట్టి లూప్‌కు ముందే సమ్‌ను సున్నా చేస్తాం. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ సీ భాష మనం చెప్పని పని చేసిపెట్టదు. మెయిన్ లోపలి వేరియబుల్‌కు విలువ ఇవ్వకపోతే ఏ గార్బేజ్ విలువ ఉంటే దాని మీదే కూడుకుంటూ పోతుంది.

నన్నడిగితే అసలు చదువు తప్పు జవాబుల్లో ఉంది. 45 వచ్చిందా, ‘చిన్నది లేదా సమానం’ గుర్తుకు బదులు ఉత్త ‘చిన్నది’ పెట్టారు, పది కలవలేదు. 10 వచ్చిందా, కూడకుండా ఐ విలువనే సమ్‌లో వేశారు, లేదా సున్నా చేసే వాక్యం లూప్ లోపలికి చేరింది. 11 వచ్చిందా, ఫర్ వాక్యం చివర సెమికోలన్ పడింది: లూప్ వట్టిగా పదిసార్లు తిరిగి, ఐ పదకొండయ్యాక కూడిక ఒక్కసారే జరిగింది. కాగితం మీద ఐకి ఒక గడి, సమ్‌కు ఒక గడి గీసి 1, 3, 6, 10 అని చేత్తో నింపిన వాళ్లకు ఇవన్నీ ఇట్టే దొరుకుతాయి. ఆ పని చేయించే మాస్టారు దొరకడం అదృష్టం.

సూత్రం ఉండగా లూప్ ఎందుకని తెలివైన పిల్లలు అడుగుతారు. శ్రేఢి మొత్తం కట్టే పద్ధతి 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలో తెలుగు చేశాడు. పదిని పదకొండుతో హెచ్చవేసి సగం చేస్తే 55, నిజమే. కానీ ఒక టిక్కీ 42 కిలోలు, ఇంకోటి 39 తూగితే ఏ సూత్రం పనికొస్తుంది? సూత్రమున్న లెక్కతో లూప్‌ను సరిచూసుకుని, సూత్రం లేని లెక్కకు దాన్ని వాడుకోవాలి. టిక్కీలెన్నో ముందే తెలియనప్పుడు వైల్ లూప్ రాసి, సున్నా కొడితే ఆగమంటాం.

లూప్ సరిగ్గా రాసినా మొత్తం తప్పొచ్చే గండం ఇంకోటుంది. పాత టర్బో సీలో ఇంట్‌కు రెండు బైట్లే. 32767 దాటితే పట్టదు. 255 వరకూ కూడితే 32640 సరిగ్గానే వస్తుంది. 256 వరకూ కూడితే 32896 రావాల్సింది పోయి మైనస్ 32640 కనిపిస్తుంది. ఇంట్‌కు నాలుగు బైట్లిచ్చే ఇప్పటి కంపైలర్లలో ఇదే గండం 65536 వరకూ కూడినప్పుడు ఎదురవుతుంది. టర్బో సీలో సమ్‌ను లాంగ్ చేస్తే సరిపోతుంది, అయితే ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ డి తీసి పర్సెంట్ ఎల్‌డి రాయాలి. అది మరిస్తే లోపల మొత్తం సరిగ్గా ఉన్నా తెర మీద మళ్లీ అదే మైనస్ 32640.