కోనసీమ అభిమాన సంఘాలు: ఉపసంస్కృతి సిద్ధాంతానికి ఒక పరీక్ష

సినీ అభిమానాన్ని యువజన ఉపసంస్కృతిగా పరిశీలించేటప్పుడు డిక్ హెబ్డిజ్ 1979లో వెలువరించిన ‘సబ్‌కల్చర్: ది మీనింగ్ ఆఫ్ స్టైల్’ను ఆధారం చేసుకోవడం పరిపాటి. శ్రామికవర్గ యువకుల దుస్తుల్లో, జుట్టులో, సంగీతంలో ఆధిపత్య సంస్కృతిపై పరోక్ష ధిక్కారం ఉందన్నది ఆ గ్రంథ ప్రతిపాదన. అయితే అందులో వర్గంతోపాటు జాతి కూడా కేంద్రాంశమే. నల్లజాతి వలసల చరిత్ర లేకుండా బ్రిటిష్ యువజన శైలులు అర్థం కావని హెబ్డిజ్ వాదన. తెలుగు నేలకు అన్వయించేటప్పుడు తరచు జారిపోయేది ఈ సగమే. ఇక్కడ ఆ స్థానంలో నిలిచేది కులం.

అమలాపురం, కొత్తపేట, రాజోలు ప్రాంతాల్లో అభిమానం కంటికి కనిపించే రూపం ఫ్లెక్సీ, చెవికి వినిపించే రూపం డీజే. కథానాయకుడి పుట్టినరోజున సినిమా పాటలు మోగించే డీజే పెట్టెలే ఏప్రిల్ 14న అంబేడ్కర్ పాటలూ మోగిస్తాయి. ధ్వని తీవ్రత, బైకుల వరుస, చిందులు రెండింటా ఒకటే. శైలిని మాత్రమే చదివే పద్ధతికి వీటి మధ్య భేదం అందదు. ఊరేగింపు ఏ వీధి నుంచి బయలుదేరింది, ఏ వీధిలోకి ప్రవేశించగలిగింది అన్నదే అసలు భేదం. అంబేడ్కరీయ ఉద్యమకారుడు బొజ్జా తారకం పుట్టిన సీమలో ఈ ప్రశ్నను అడగకపోవడం చిన్న లోపం కాదు.

అభిమానిని కేవలం భక్తుడిగా చూడరాదని, అతడు తారపై హక్కును ప్రకటించేవాడని ఎస్.వి. శ్రీనివాస్ తన పరిశోధనల్లో, ముఖ్యంగా ‘మెగాస్టార్’ (2009) గ్రంథంలో నిరూపించారు. ఈ విషయంలో తెలుగు పరిశోధన ఆయనకు ఎంతో రుణపడి ఉంది. ఆ హక్కు అందరికీ సమానంగా దక్కుతుందా అన్నది ఇంకా తేలవలసిన విషయం.

కులమే అభిమానాన్ని పూర్తిగా నిర్ణయిస్తుందనడమూ తొందరపాటే. 2019 శాసనసభ ఎన్నికల్లో పవన్ కల్యాణ్ భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడిపోయారు. జనసేన గెలిచిన ఒకే ఒక్క స్థానం రాజోలు. అది షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన నియోజకవర్గం. కాపుల పార్టీ అన్న ముద్రతో ఈ ఫలితాన్ని వివరించడం కష్టం. అభిమానం కులాల మధ్య కొంత దారి వేస్తుంది. ఆ దారి ఎంతవరకు సాగుతుందన్నది వేరే మాట.

2022 మే 24న అమలాపురంలో జరిగినది ఆ మాటను కఠినంగా ముందుకు తెచ్చింది. కొత్త జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చిన గుంపు మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇళ్లకు నిప్పు పెట్టింది. ఆ ఘటనను అభిమాన సంఘాలకు అంటగట్టడం అన్యాయం. కాని యువకులు వీధిని ఆక్రమించడమంటే ప్రతిఘటనేనన్న సూత్రం ఆ రోజు ముందు నిలవదు. ఆధిపత్యం కూడా జెండా పట్టుకొని, నినాదమిచ్చి, వీధినే కోరుకుంటుంది.

అందువల్ల పరిశోధకుడు తార ముఖచిత్రాన్ని విశ్లేషించి ఆగిపోరాదు. ఫ్లెక్సీ అడుగు వరుసలోని చిన్న ఫోటోలు ఎవరివి, వాటి కింద ఏ ఇంటిపేర్లున్నాయి, దానిని ఏ కూడలిలో కట్టారు, ఖర్చు ఎవరు పెట్టారు అన్నవి నమోదు చేయాలి. ఆ వరుసలో ఆడపిల్లల ఫోటోలు దాదాపు కనిపించవు. ఉపసంస్కృతి అధ్యయనాలు వీధినే చూసి ఆడపిల్లల గదిని విస్మరించాయని ఏంజెలా మెక్‌రాబీ దశాబ్దాల క్రితమే ఆక్షేపించారు. కోనసీమలో వారి అభిమానం ఫోన్ తెరమీద, స్నేహితురాళ్ల మాటల్లో సాగుతుంది. వీధి ఊరేగింపులను మాత్రమే లెక్కించే అధ్యయనానికి అది చిక్కదు.