గజం లెక్క తెలిసినవాళ్లు

విశాఖ దగ్గర ఉక్కు కర్మాగారం, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ ఒకదాని తర్వాత ఒకటి రావడంతో చుట్టుపక్కల పొలాలు లేఅవుట్లయ్యాయి. అక్కడ స్థలాలమ్మే మనిషిని ‘బ్రోకరు’ అంటూ తేలిగ్గా తీసిపారేస్తారు. అది అన్యాయం.

పని తెలిసినవాడు ముందు కాగితాలు చూపిస్తాడు: లింకు డాక్యుమెంట్లు, ఈసీ, వీఎంఆర్‌డీఏ ఆమోదించిన ప్లాను, రెరా నంబరు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడందే అడ్వాన్సు ముట్టడు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. అందుకే ఊళ్లోకెళ్లి, పాత రైతు కుటుంబంలో వాటాలెవరివో, ఆడపిల్లల సంతకాలు పడ్డాయో లేదో ఆరా తీస్తాడు. ఈ ఆరాయే అతని అసలు విద్య.

ఇక టేపు పట్టాడంటే చూడాలి! 36 అడుగుల వెడల్పు, 48 అడుగుల పొడవున్న ప్లాటు 192 గజాలు. నాలుగు పక్కలూ కొలిచి ఊరుకోడు, మూల నుంచి మూలకు లాగుతాడు. రెండువైపులా సరిగ్గా 60 అడుగులు రావాలి. తేడా వస్తే స్థలం క్రాసు పోయినట్టే, ఏదో ఒక హద్దురాయి జరిగినట్టే.

ఫార్మా కంపెనీ ఉద్యోగికి ఆదివారమే తీరిక. అతనితో పాటు ఎండలో తిరిగి, తూర్పు ఫేసింగ్ ఏదో, వాననీళ్లు ఎటు పారతాయో చూపిస్తాడు. చెరువు గర్భంలోకొచ్చే చౌక ప్లాటు అడిగితే మాత్రం, కమీషను పోయినా సరే, వద్దనే చెబుతాడు.