నాన్న లెక్కపెట్టిన 40 బండ్లు

ధర్మవరం నుంచి మేనల్లుడు మళ్లీ ఒక ఫార్వర్డ్ పంపాడు. "వేల బిట్‌కాయిన్లు కదిలినాయంట మామా, తిమింగలం అమ్మేసినట్టే!" తిమింగలమంటే భారీగా బిట్‌కాయిన్లు పోగేసినవాడు. కింద మూడు ఎర్ర సైరన్ బొమ్మలు. లావాదేవీ నంబరు మాత్రం లేదు. నాకు మండేది అక్కడే. నంబరుంటే పెనుకొండ బస్టాండులో కూర్చునైనా మెంపూల్ డాట్ స్పేస్ సైటు తెరిచి చూసుకోవచ్చు. బిట్‌కాయిన్ పద్దు పుస్తకం 2009 జనవరి 3 నాటి మొదటి పద్దు నుంచీ బహిరంగమే.

చూడటమూ ఒక విద్యే. 500 నోటిచ్చి 10 రూపాయల టీ తాగామనుకోండి, 490 చిల్లర వస్తుంది. బిట్‌కాయిన్‌లోనూ నోటు మొత్తం కదలాల్సిందే; చిల్లర మళ్లీ ఇచ్చినవాడికే, తరచూ కొత్త అడ్రసుకి చేరుతుంది. చూసినవాళ్లు 500 ఖర్చయిందని చాటేస్తారు. ఎక్స్ఛేంజీ తన బీరువాలు తాను సర్దుకున్నా ఇదే గోల.

మా నాన్న 40 బండ్ల కథ పాత పాఠకులకు తెలుసు. హిందూపురంలో ఓ పెద్ద వ్యాపారి చింతపండంతా దించేస్తున్నాడని పుకారు. అందరూ అయినకాడికి అమ్ముకుంటుంటే నాన్న సైకిలెక్కి బండ్ల వెనకాలే పోయాడు. లెక్కపెడితే 40. అన్నీ ఊరవతల ఇంకో గోడౌన్ ముందు ఆగాయి. అవే గోతాలు, అదే నీలిరంగు గుర్తు. పాత గోడౌన్ కప్పు కారుతోందట. "కదిలింది వేరు, అమ్మింది వేరు" అన్నాడు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ.

2025 జూలై 4న నేను వాడుకున్నదీ ఆ మాటే. 2011 నాటి 8 వాలెట్లు, ఒక్కోదాంట్లో 10,000 బిట్‌కాయిన్లు, ఒకే రోజు నిద్రలేచాయి. మేనల్లుడు కంగారుపడితే ఒక్కొక్కటీ తెరిచి చూపించాను: పాత అడ్రసు నుంచి కొత్త అడ్రసుకి, అంతే. మూడు వారాలు తిరిగాయో లేదో, బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీ కాలం నాటి ఒక ఇన్వెస్టర్ తరఫున 80,000 పైచిలుకు బిట్‌కాయిన్లు అమ్మిపెట్టామని గెలాక్సీ డిజిటల్ అనే సంస్థ ప్రకటించింది. సుమారు 900 కోట్ల డాలర్ల సరుకు. మార్కెట్ కూలలేదు గానీ, మామ పరువు కూలింది.

ఈసారి ఉపన్యాసం మానేసి నంబరు పంపమన్నాను. పంపాడు. చూశాను. అంకె నిజం, కదలిక నిజం.

"అయితే అమ్మినట్టా, కాదా మామా?"

బండ్ల కథలో నేనింతవరకూ రాయని ముక్క ఒకటుంది. ఉగాది దాటగానే ఆ వ్యాపారి కొత్త గోడౌన్ నుంచే సరుకంతా అమ్మేశాడు. మా మూటలు అప్పటికింకా మిద్దెలోనే ఉన్నాయి.